పన్నెండు అడుగుల దారి

మా ఇంట్లో నా గది నిజానికి గది కాదు, దారి. హాల్లోంచి పెరట్లోకి వెళ్లాలన్నా, స్నానానికి వెళ్లాలన్నా, బట్టలు ఆరేయాలన్నా నా మంచం పక్కనుంచే వెళ్లాలి. తలుపుకి గడియ ఉండేది కానీ వేసుకునే వీలు లేదు. వేస్తే ఇంట్లో మిగతావాళ్లకి బాత్రూమ్ ఉండదు. అన్నయ్య పిల్లలిద్దరూ చిన్నప్పుడు ఆ గదిలోంచి పరిగెత్తేవారు, పెద్దయ్యాక తలొంచుకుని గబగబా నడిచేవారు. నేను మంచం మీద లెక్కల పేపర్లు దిద్దుకుంటుంటే వదిన తడిబట్టల బకెట్టుతో వచ్చి, "అమ్మాయ్, కాళ్లు కాస్త తియ్యి" అనేది. నేను తీసేదాన్ని. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఇల్లు అలా కట్టారు, నేను అందులో ఉండిపోయాను.

నేను నాతవరం హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా నర్సీపట్నం నుంచి షేర్ ఆటోలో వెళ్లి వస్తున్నాను. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. కుదరాల్సిన వయసులో కుదరలేదు, ఆ తర్వాత నాకే అవసరం అనిపించలేదు. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవారు. నర్సీపట్నం ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో ఈ స్థలం కొని, ముందు భాగంలో పెంకుటిల్లు కట్టి, వెనక భాగాన్ని పెరడుగా వదిలేశారు. పోయే ముందు అన్నయ్యనీ నన్నూ పిలిచి, స్థలం ఇద్దరికీ చెరిసగం అని చెప్పారు. కాగితం మీద మాత్రం ఏమీ రాయలేదు. అమ్మ అప్పటికే లేదు. అన్నయ్య కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆయన, వదిన, ఇద్దరు పిల్లలు, నేను. ఇదీ మా ఇల్లు.

నలభై ఎనిమిదో ఏట ఒకరోజు స్కూలు నుంచి వస్తూ బ్యాంకు దగ్గర దిగి, పెరట్లో రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి లోను వస్తుందా అని అడిగాను. మేనేజరు గారు నా జీతం స్లిప్పు చూసి ఇబ్బంది లేదన్నారు. కానీ స్థలం విడిగా నా పేరున ఉండాలి, దాన్ని విడగొట్టినట్టు మున్సిపాలిటీ వారి సబ్ డివిజన్ అనుమతి ఉండాలి అన్నారు. ఆ మాట అంతకుముందు నేను విననే లేదు. అన్నదమ్ములు గోడ కట్టుకుంటే స్థలం రెండైపోతుందనుకునేదాన్ని.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నం తిన్న తర్వాత అన్నయ్యకి చెప్పాను. ఆయన చెయ్యి తుడుచుకుని తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"ఇక్కడ నీకేటి తక్కువైంది?" అన్నాడు.

ఏమీ తక్కువ కాలేదని చెప్పాను. గడియ వేసుకునే తలుపొకటి కావాలనిపిస్తోంది అన్నాను. ఆ మాటని నేను మామూలుగానే అన్నాను గానీ, ఆయన దాన్ని ఫిర్యాదుగా తీసుకున్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఈలోగా సంగతి ఎలా పాకిందో, చర్చిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మీ వదినకీ నీకూ పడటం లేదా అమ్మా అని జాలిగా అడిగింది. అలాంటిదేం లేదంటే నమ్మలేదు. అయిదో రోజు సాయంత్రం అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, నాన్న కట్టిన ఇంటి పన్ను రసీదుల కట్ట నా మంచం మీద పెట్టాడు. పంచాయతీ కాలం నాటివి కూడా అందులో ఉన్నాయి. "ఇయ్యన్నీ అడుగుతారట, ఉంచు" అని బయటికి వెళ్లిపోయాడు. ఆయన ఒప్పుకోవడం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

మున్సిపాలిటీలో ప్లాన్లు పెట్టే లైసెన్సున్న ఇంజనీరు ఒకాయన బస్టాండు దగ్గర ఆఫీసు పెట్టుకుని ఉన్నాడు. వచ్చి స్థలం చూశాడు. పక్కపక్కన రెండుగా చీలిస్తే నాన్న కట్టిన ఇల్లు సగానికి కోయాలి. కాబట్టి ముందూ వెనకా చేయాలి అన్నాడు. ముందు భాగం ఇంటితో సహా అన్నయ్యకి, వెనక భాగం నాకు. అయితే వెనక స్థలానికి వీధిలోంచి సొంత దారి చూపించకపోతే మున్సిపాలిటీ ఒప్పుకోదు. ఆ దారి పన్నెండు అడుగులు ఉండాలి. ఉత్తరం వైపు ఇంటికీ ప్రహరీకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. దక్షిణం వైపే ఇవ్వాలి. దక్షిణం వైపు, ఇంటి గోడని ఆనుకుని, వదిన వంటగది ఉంది. దాన్ని దాటితే ప్రహరీకి మిగిలింది నాలుగడుగులు.

ఆ వంటగది గురించి చెప్పాలి. వదిన కోడలిగా వచ్చినప్పుడు వంట ఇంటి వెనక చీకటి మూలలో జరిగేది. పొగకి ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పదేళ్లు అలాగే వండింది. చిన్నవాడు పుట్టాక, అన్నయ్యని ఒప్పించి, దక్షిణం గోడకి చేర్చి రేకుల గది ఒకటి వేయించుకుంది. మేస్త్రీ పక్కనే నిలబడి గట్టు ఎంత ఎత్తుండాలో తన నడుముకి చెయ్యి పెట్టి చూపించింది. వీధి కనబడేలా కిటికీ పెట్టించింది. గట్టు మీదికి నల్లరాయి తానే వెళ్లి ఏరి తెచ్చుకుంది. మా ఇంట్లో ఆవిడ తన ఇష్టప్రకారం కట్టించుకున్నది అదొక్కటే.

వారం తర్వాత ఇంజనీరు ప్లాను గీసి ఇచ్చాడు. నేను స్కూలు నుంచి వస్తూ ఆయన ఆఫీసులో చూశాను. ఇల్లు ఉంది, వరండా ఉంది, వెనక నా స్థలం ఉంది. దక్షిణం వైపు శుభ్రంగా, వీధి నుంచి పెరటిదాకా దారి ఉంది. వంటగది లేదు.

అడిగాను. ముందు అనుమతి రానివ్వండి, తర్వాత మీరూ మీరూ చూసుకోవచ్చు, అందరూ ఇలాగే పెడతారు అన్నాడు. పిల్లలు లెక్కలో మధ్య మెట్టు దాటేసి జవాబు రాస్తే మార్కులు కోసేదాన్ని నేను. ఆ రోజు మాత్రం పెన్ను తీసి సంతకం పెట్టాను. అన్నయ్య కూడా పెట్టాలి కాబట్టి కాగితాలు ఇంటికి తెచ్చాను. ఆయన చూడకుండానే పెట్టాడు. నేను చూసి పెట్టాను.

అన్ని కాగితాలూ అప్‌లోడ్ చేశాక, నెల తిరక్కుండానే మా వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ స్థలం తనిఖీకి వస్తున్నట్టు ఫోన్ వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి, స్కూటీ మీద వచ్చింది. వదిన కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. ఆ అమ్మాయి మజ్జిగ తాగి, టేపు తీసి, ఒక కొస ప్రహరీ గోడకి ఆనించి నన్ను పట్టుకోమంది. తాను రెండో కొస పట్టుకుని ఇంటివైపు నడిచింది. టేపు నాలుగడుగులు సాగగానే వంటగది గోడ తగిలింది. ఆగి ప్లాను చూసింది. గోడ చూసింది. మళ్లీ ప్లాను చూసింది.

"మేడమ్, ఇక్కడ దారని చూపించారు కదండీ. ప్లాన్లో ఈ గది లేదు."

వదిన వంటగది గుమ్మంలోనే ఉంది. చేతిలో గరిటె ఉంది.

"ఏ గది?" అంది.

నాకు ఆ నిమిషంలో ఏం చేయాలో తోచక, చేయకూడనిది ఇంకొకటి చేశాను. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, ఏమైనా చూసుకోవాలంటే చూసుకుంటామమ్మా అన్నాను. ఇంజనీరు నోట విన్న మాటే అది. నా నోటి నుంచి అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలీదు. ఆ అమ్మాయి ముఖం కందిపోయింది. కోపం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ కనిపించింది.

"మీరు లెక్కల టీచరంట కదా మేడమ్. నాలుగుని పన్నెండని ఎలగ రాయమంటారు?" అంది.

అక్కడే నిలబడి రిపోర్టు రాసుకుంది. దరఖాస్తు తిరస్కరిస్తారనీ, గది తీసేస్తే మళ్లీ పెట్టుకోవచ్చనీ, వేరే దారి చూపించగలిగినా సరేననీ చెప్పింది. వెళ్తూ వదినకి మజ్జిగ బాగుందండీ అని చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రం వదిన నాకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"తియ్యాలంటే తియ్యాలని సెప్పొచ్చు కదా. కాయితంలోంచి నా వంటిల్లు తుడిసీడానికి నీకు మనసెలగ వొచ్చింది?"

ఆవిడ లేచి వెళ్లిపోయింది. అన్నయ్య ప్లాను తెప్పించుకుని అప్పుడు మొదటిసారి పూర్తిగా చూశాడు. "నాను చూడకుండా పెట్టీసేను, అదీ తప్పే" అన్నాడు.

మర్నాడు స్కూల్లో ఎనిమిదో తరగతికి దీర్ఘచతురస్రం వైశాల్యం చెప్పాలి. బోర్డు మీద గీత గీసి, పొడవు పన్నెండని రాసి, వెంటనే చెరిపేశాను. ఇంటికి వచ్చి వంటగదిలోకి వెళ్లి నేల మీద కూర్చున్నాను. వదిన కొబ్బరి కోరుతోంది. ప్లానులో గది లేకపోవడం నేను చూశాననీ, చూసే సంతకం పెట్టాననీ, నీకు చెబితే వద్దంటావేమోనని భయపడ్డాననీ చెప్పాను. ఇంక మళ్లీ దరఖాస్తు పెట్టననీ చెప్పాను. వదిన కోరడం ఆపలేదు. కొబ్బరి అయిపోయాక చిప్ప పక్కన పెట్టి, కోరు పళ్లెం ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. అంతే.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో పనులన్నీ మామూలుగానే జరిగాయి. వదిన క్యారేజీ సర్ది ఇచ్చేది, టీ ఇచ్చేది. "అమ్మాయ్" అని పిలవడం మాత్రం మానేసింది. బకెట్టుతో వచ్చినప్పుడు కూడా ఏమీ అనకుండా నిలబడేది, నేను చూసి కాళ్లు తీసేదాకా.

ఒక శనివారం స్కూలు నుంచి వచ్చేసరికి నా మంచం గోడకి నిలబెట్టి ఉంది. నా పుస్తకాలు హాల్లో ఉన్నాయి. వదిన నా గది మధ్యలో నిలబడి, అన్నయ్య ఇనప టేపుతో గోడ కొలుస్తోంది. వెళ్లిపొమ్మంటోందేమో అనుకున్నాను.

"ఈ కొస పట్టుకో," అంది.

పట్టుకున్నాను.

"ఇటేపు గట్టు పెడితే, పెరటేపు కిటికీ పెట్టొచ్చు. గాలొస్తాది. వీధి కనపడదనుకో."

తన వంటగదిని నా గదిలోకి మారుస్తానంటోందని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఇది అందరూ నడిచే గది వదినా, వంట ఎలా చేస్తావు అన్నాను.

"నడిస్తే నడవనీ. వంటింట్లో మనుషులు తిరుగుతుంటే నాకు బాగుంటాది. నువ్వు కదా పడుకోలేకపోయేవు ఇన్నాళ్లూ." టేపు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అంది. "గది పోతాదని కాదు నా బాధ. నన్ను అడక్కపోవడమే. అడిగుంటే ఆ రోజే సెప్పీదాన్ని."

ఏడవకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను. వదిన టేపు నా చేతికిచ్చి, టీ పెడతానని వెళ్లింది. టీ తాగుతూ రెండు షరతులు పెట్టింది. ఇంజనీరు ఇంటికి వచ్చి, కొత్త వంటగది ఎక్కడ ఎలా ఉండాలో తనని అడిగి గీయాలి. రెండోది, అన్నయ్య స్థలానికీ నా స్థలానికీ మధ్య గోడ కట్టకూడదు. మొదటిది సులువే. రెండో దాని గురించి నేను సచివాలయానికి వెళ్లి ప్లానింగ్ సెక్రటరీని అడిగాను. అడగడానికి ముందు, ఆ రోజు అన్న మాటకి క్షమించమని చెప్పాను. ఆ అమ్మాయి ఫైలు మూసి, "పోనీండి మేడమ్, అందరూ మాకది నేర్పిద్దామనే చూస్తారు" అని నవ్వింది. ప్లాను మీద గీత ఉండాలి, నేల మీద గోడ మీ ఇష్టం అంది.

వంటగది విప్పిన రోజు అన్నయ్య సెలవు పెట్టాడు. రేకులు తనే దించాడు. పిల్లలు ఇటుకలు అందించారు, నేను పేర్చాను. మంచి ఇటుకలు నా ఇంటికి పనికొస్తాయని వదిన ఒక్కొక్కదాన్నీ తట్టి చూసి వేరు చేసింది. నల్లరాయి దించేటప్పుడు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తానూ అన్నయ్యా రెండు వైపులా పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ నా గదిలోకి చేర్చారు. అప్పటినుంచి నా మంచం హాల్లో, టీవీ పక్కన. పిల్లలు సీరియల్ సౌండు తగ్గించేవారు. తగ్గించక్కర్లేదని చెప్పేదాన్ని.

రెండోసారి తనిఖీకి అదే అమ్మాయి వచ్చింది. టేపు కొస మళ్లీ నేనే పట్టుకున్నాను. వీధి దగ్గర పన్నెండు అడుగుల మీద నాలుగంగుళాలు వచ్చింది. పెరటి దగ్గరా సరిపోయింది. మధ్యలో, విప్పిన వంటగది పునాది ఇంటి గోడ పక్కన కొంచెం మిగిలిపోయిన చోట, రెండంగుళాలు తగ్గింది. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ కొలిచింది. రెండంగుళాలే. రెండంగుళాలే కదా అనబోయి నా నాలుక కరుచుకున్నాను.

"ఇక్కడ పన్నెండు లేదండీ," అంది నెమ్మదిగా. "మీరు అది కొట్టీగలిగితే నేను ఆగుతాను."

అన్నయ్య లోపలికెళ్లి సుత్తీ ఉలీ తెచ్చాడు. డ్యూటీకి వెళ్లాలని యూనిఫాం వేసుకుని ఉన్నాడు. అలాగే కింద కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. పాత సిమెంటు గట్టిగా పట్టుకుని ఉంది. వదిన స్టూలు వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, బిస్కెట్లూ టీ ఇచ్చింది. మా ఊరు యలమంచిలి దగ్గరండీ, మా ఇంట్లోనూ ముగ్గురన్నదమ్ములు, స్థలం మూలంగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు అని చెప్పింది ఆ అమ్మాయి. అన్నయ్య చొక్కా వీపంతా తడిసిపోయింది. గంట పట్టింది. చివరి పెచ్చు ఊడగానే చేత్తో దుమ్ము తుడిచి, "ఇప్పుడు సూడమ్మా" అన్నాడు. పన్నెండు అడుగుల అరంగుళం. ఆ అమ్మాయి అంకె పైకి చదివి మరీ రాసుకుంది.

అనుమతి వచ్చినట్టు మెసేజ్ ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చింది. పిల్లల చేత భిన్నాలు చేయిస్తున్నాను. ఫోన్ చూసి, చేతిలో చాక్‌పీసుతోనే కుర్చీలో కూర్చుండిపోయాను. ముందు బెంచీ పిల్ల ఏటైంది టీచర్ అని అడిగింది. మా స్థలానికి అనుమతొచ్చిందే అన్నాను. ఆ పిల్లకి ఏం అర్థమైందో గానీ చప్పట్లు కొట్టింది. క్లాసంతా కొట్టింది. నేను వద్దనలేదు.

పంపకాల దస్తావేజు రిజిస్ట్రేషన్‌కి అన్నయ్య, వదిన, నేను ముగ్గురం వెళ్లాం. దస్తావేజు రాసే పెద్దాయన అనుభవం మీద అడిగాడు కాబోలు, తర్వాత గొడవలేం రావు కదా బాబూ అన్నాడు. అన్నయ్య కొంచెం ఆలోచించాడు.

"రావచ్చండీ. వొస్తే మాటాడుకుంటాం," అన్నాడు.

వేలిముద్రలు వేసి బయటికొచ్చాక ముగ్గురం పక్కనే ఉన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. వదిన దస్తావేజు నా చేతిలోంచి తీసుకుని, ఇంటికెళ్లేదాకా తన ఒళ్లోనే పెట్టుకుంది, ఎండకి ముడుచుకుంటుందని.

ఇప్పుడు గోడలు కిటికీల ఎత్తు దాటాయి. లోను మొదటి విడత వచ్చింది. నేను బేగి బయల్దేరాలి కాబట్టి పొద్దున్న ఒక దఫా నీళ్లు పడతాను. మధ్యాహ్నం ఎవరు పడుతున్నారో అడగలేదు గానీ సాయంత్రం వచ్చేసరికి గోడలు తడిగానే ఉంటాయి. స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఇసక మీదుగా నడిచి, నా ముందు గదిలో నిలబడతాను. ఇంకా పైకప్పు లేదు. పడమటి కిటికీ కోసం వదిలిన ఖాళీలోంచి చూస్తే చింతపల్లి వైపు కొండలు కనిపిస్తాయి. పడమటి ఎండకి గది కాగిపోతుంది, కిటికీ వద్దండీ అని ఇంజనీరు అన్నాడు. కాగితే కాగనీండి, ఉంచండి అన్నాను.